అమ్మ చావు నుంచి మాత్ర దాకా: మార్గరెట్ శాంగర్‌ను మనం ఎలా చదవాలి?

గర్భనిరోధం మాట వస్తే మన సభల్లో సాధారణంగా రెండు సంగతులే వినిపిస్తాయి. ఒకటి జనాభా, రెండోది ఆపరేషన్. ఏ పద్ధతి ఏ ఒంటికి పడుతుంది, ఏది పడదు, ఆ సంగతి ఆమెకు ఎవరు చెప్పాలి అన్నది చర్చకు రాదు. మా పరిశోధన పనిలో భాగంగా బస్తీల్లో మాట్లాడిన అక్కలు, వదినలు మాత్రం సరిగ్గా అక్కడే మొదలుపెట్టారు. మాత్రలు వేడి చేస్తాయన్నారు, కళ్లు తిరుగుతాయన్నారు. కాపర్ టీ వేయించుకున్నాక రక్తం ఎక్కువ పోతోందన్నారు. ఇంజెక్షన్ తర్వాత నెలసరి ఆగిపోతే గర్భమేమోనని నెలల తరబడి భయపడ్డామన్నారు. ఈ మాటలు విన్నాక మేము ఒక పాత జీవితకథను మళ్లీ తిరగేశాం. హార్మోన్ లేని పద్ధతుల నుంచి హార్మోన్ మాత్ర దాకా నడిచిన దారంతా ఆ ఒక్క జీవితంలో ఉంది. ఆ దారిలో ఎవరి ఒళ్లు కాలిబాటగా మారాయో కూడా ఉంది.

మార్గరెట్ హిగిన్స్ 1879 సెప్టెంబర్ 14న న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్‌లో పుట్టింది. ఐర్లాండ్ నుంచి వచ్చిన కేథలిక్ కుటుంబం. తండ్రి సమాధి రాళ్లు చెక్కేవాడు. దేవుణ్ని నమ్మని మనిషి కావడంతో చర్చి ఊళ్లో పని సరిగా దొరికేది కాదు. తల్లి ఆన్ 18 సార్లు గర్భం దాల్చింది. బతికిన బిడ్డలు 11 మంది, వాళ్లలో మార్గరెట్ ఆరోది. కాన్పుకీ కాన్పుకీ మధ్య ఆ తల్లిని క్షయ తినేసింది. 1899లో, యాభై ఏళ్లకు అటూఇటూగా చనిపోయింది. తల్లిని చంపింది క్షయ ఒక్కటే కాదని కూతురు జీవితాంతం నమ్మింది.

నర్సు శిక్షణలో ఉండగానే 1902లో విలియం శాంగర్‌ను పెళ్లాడింది. ముగ్గురు పిల్లలు. 1910 ప్రాంతంలో న్యూయార్క్ నగరానికి చేరి సోషలిస్టుల్లో, కార్మిక సంఘాల్లో తిరిగింది. లోయర్ ఈస్ట్ సైడ్ వలస కార్మికుల ఇరుకు గదుల్లోకి నర్సుగా వెళ్లింది. గర్భం తీయించుకోవడానికి చేతికందిన పుల్లనో సూదినో వాడి చీము పట్టి చనిపోతున్న ఆడవాళ్లను అక్కడ చూసింది. డాక్టర్లు వాళ్లకు ఏమీ చెప్పేవారు కాదు. 1873 నాటి కామ్‌స్టాక్ చట్టం ప్రకారం గర్భనిరోధం గురించిన సమాచారాన్ని పోస్టులో పంపడమే నేరం. డబ్బున్న ఇంటి ఆడవాళ్లకు మాత్రం ఫ్యామిలీ డాక్టరు చెవిలో చెప్పేవాడు. ఒకే చట్టం, ఒక వర్గానికి గోడ, మరో వర్గానికి తెర. ఈ తేడా మన పాఠకులకు కొత్త కాదు.

1914లో ఆమె ది ఉమన్ రెబెల్ అనే పత్రిక పెట్టింది. బర్త్ కంట్రోల్ అన్న మాట ఆ ఏడాదే పుట్టింది. అదే ఏడు కేసు పెడితే ఇంగ్లండ్‌కు పారిపోయింది. పోతూ పోతూ ఫ్యామిలీ లిమిటేషన్ అనే 16 పేజీల కరపత్రాన్ని పంచమని సహచరులకు కబురు పెట్టింది. 1915లో నెదర్లాండ్స్‌లోని క్లినిక్‌లలో డయాఫ్రం చూసింది. గర్భాశయ ముఖద్వారాన్ని మూసేలా లోపల అమర్చుకునే రబ్బరు టోపీ అది. ఒక్కొక్క స్త్రీ కొలతను బట్టి ఇవ్వాలి. తిరిగొచ్చిన కొద్ది రోజులకే ఐదేళ్ల కూతురు పెగ్గీ న్యుమోనియాతో చనిపోయింది.

1916 అక్టోబర్ 16న బ్రూక్లిన్‌లోని బ్రౌన్స్‌విల్‌లో, ఆంబాయ్ వీధి 46వ నంబరు ఇంట్లో క్లినిక్ తెరిచారు. కరపత్రాలు ఇంగ్లిష్, యిడ్డిష్, ఇటాలియన్ భాషల్లో వేశారు. ఫీజు 10 సెంట్లు. మార్గరెట్, నర్సుగా పనిచేసే చెల్లెలు ఎథెల్ బర్న్, భాష చెప్పడానికి ఫానియా మిండెల్, ఈ ముగ్గురే. డాక్టరు దొరకలేదు. పిల్లల బండ్లు తోసుకుంటూ వచ్చిన తల్లులు వీధిలో వరస కట్టారు. పది రోజులు తిరక్కుండానే పోలీసులు మూసేశారు. ఎథెల్ జైల్లో నిరాహార దీక్ష చేస్తే బలవంతంగా గొట్టం వేసి తినిపించారు. మార్గరెట్ 1917లో 30 రోజులు జైల్లో ఉంది. ఈ ఘట్టం దగ్గర మేము ఎప్పుడూ ఆగుతాం. ఎవరి వాడకు వెళ్లాలో, ఏ భాషలో చెప్పాలో ఆనాటి శాంగర్‌కు తెలుసు. తర్వాతి శాంగర్ ఆ సంగతి చాలాసార్లు మరిచింది.

1918లో వచ్చిన తీర్పు జబ్బు నివారణ కోసం డాక్టర్లు గర్భనిరోధం చెప్పవచ్చని కొంత సందు ఇచ్చింది. ఆ సందులోంచే ఆమె ముందుకు పోయింది, కానీ సోషలిస్టుల్ని వదిలి డాక్టర్ల వైపు, డబ్బున్నవాళ్ల వైపు జరిగింది. 1922లో రెండో పెళ్లి చేసుకున్నది నూనె కంపెనీ యజమాని నోవా స్లీని. డయాఫ్రంలు దేశంలోకి దొంగచాటుగా వచ్చింది కూడా అతని సరుకుతోనే. 1923లో పెట్టిన క్లినిక్‌లో డాక్టర్ హన్నా స్టోన్ ఒక్కొక్క స్త్రీకి ఏ పద్ధతి పనిచేసింది, ఏది చేయలేదు అని రికార్డులు రాసింది. మా దృష్టిలో శాంగర్ ఉద్యమం చేసిన మంచి పనుల్లో ఇది ముందు వరసలో ఉంటుంది. వాడినవాళ్ల అనుభవాన్ని సాక్ష్యంగా తీసుకోవడం అక్కడ జరిగింది.

ఇక మనం తప్పించుకోకూడని భాగం. 1920ల నుంచి ఆమె యూజెనిక్స్ భాష మాట్లాడింది. పుట్టుకతోనే మనుషుల్ని మేలు రకం, నాసి రకం అని విడదీసే ఆలోచన అది. తగనివాళ్లు అని ముద్ర వేసిన వారికి స్టెరిలైజేషన్ చేయాలని సమర్థించింది. 1926లో కు క్లక్స్ క్లాన్ మహిళా విభాగం సభలో ప్రసంగించింది. అదే మనిషి 1930లో హార్లెమ్‌లో నల్లజాతి స్త్రీల కోసం క్లినిక్ తెరిచింది, డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ వంటి నల్లజాతి మేధావులు దానికి మద్దతిచ్చారు. ఆమె నల్లజాతిని అంతం చేయాలనుకుందని ఇప్పుడు ప్రచారం చేసేవాళ్లలో చాలామందికి నల్లజాతి స్త్రీల మీద ప్రేమేమీ లేదు, గర్భనిరోధం మీద పగ ఉంది. కాబట్టి వాళ్ల మాట మనకు అక్కర్లేదు. కానీ పుట్టుకను బట్టి మనిషి విలువ కట్టే లెక్క ఏదైనా మనకు బాగా తెలిసిన లెక్కే. అమెరికాలోని ప్లాన్డ్ పేరెంట్‌హుడ్ 2020లో మాన్‌హాటన్ క్లినిక్ నుంచి ఆమె పేరు తీసేసింది.

1935 చివర్లో ఆమె మన దేశం వచ్చింది. డిసెంబర్‌లో వార్ధాలో గాంధీని కలిసింది. ఆయన సంయమనమే మార్గమన్నాడు, పరికరాలు వద్దన్నాడు. తర్వాత తిరువనంతపురంలో జరిగిన అఖిల భారత మహిళా సదస్సుకు వెళ్లింది. ఈ సందర్భాన్ని రాసే వ్యాసాలు ఎక్కువగా గాంధీ దగ్గరే ఆగిపోతాయి. ఆ నాటికే రఘునాథ్ ధోండో కర్వే బొంబాయిలో క్లినిక్ నడుపుతూ, సమాజ స్వాస్థ్య పత్రిక వేస్తూ అశ్లీలత కేసులు ఎదుర్కొంటున్నాడు. 1934లో ఆయన తరఫున కోర్టులో వాదించింది అంబేడ్కర్. 1938 నవంబర్‌లో బొంబాయి శాసనసభలో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ సభ్యుడు పి.జె. రోహం అంబేడ్కర్ పక్షాన గర్భనిరోధ తీర్మానం పెట్టాడు. తల్లి ఆరోగ్యం, పేదరికం అనే కారణాలు చూపించాడు. తీర్మానం ఓడిపోయింది. తమిళనాడులో పెరియార్ ఇంకో అడుగు ముందుకేసి, దేశం కోసమో జనాభా కోసమో కాదు, స్త్రీ స్వేచ్ఛ కోసం ఇది కావాలన్నాడు. శాంగర్‌ను చదివేటప్పుడు ఈ ముగ్గుర్నీ పక్కన పెట్టుకుని చదవాలి.

డయాఫ్రంతో చిక్కేమిటో శాంగర్‌కు తెలుసు. దాన్ని అమర్చి చూపించే డాక్టరు కావాలి, కడుక్కోవడానికి నీళ్లు కావాలి, పక్కకు వెళ్లే చోటు కావాలి. ఒకే గది ఇంట్లో ఇవి మూడూ దొరకవు. ఒంటికి చేసే హాని తక్కువే, కొందరికి మూత్రనాళ ఇన్ఫెక్షన్లు వస్తాయి, అంతే. కానీ ఇల్లు సహకరించాలి. నిరోధ్‌కు అయితే మగవాడు సహకరించాలి. అందుకే ఎవరినీ అడగకుండా ఆడది తనంతట తాను మింగగలిగే మాత్ర కావాలని శాంగర్ ఏళ్ల తరబడి కలగంది.

1951లో ఆమె గ్రెగరీ పింకస్ అనే శాస్త్రవేత్తను కలిసింది. డబ్బు కేథరిన్ మెక్‌కార్మిక్ ఇచ్చింది. ఎంఐటీలో జీవశాస్త్రం చదివిన ఈమె పెద్ద పారిశ్రామిక కుటుంబానికి కోడలు. మొత్తం మీద దాదాపు 20 లక్షల డాలర్లు ఖర్చుపెట్టింది. మాత్ర పనిచేసే తీరు సులువుగానే చెప్పవచ్చు. ప్రొజెస్టిన్, ఈస్ట్రోజెన్ అనే హార్మోన్లు బయటి నుంచి అందితే అండం విడుదల ఆగిపోతుంది.

పరీక్ష ఎవరి మీద చేయాలి? మసాచుసెట్స్‌లో గర్భనిరోధం చట్టవిరుద్ధం. అక్కడి మానసిక రోగుల ఆసుపత్రిలో ఉన్నవారి మీద కొంత చేశారు. అసలు పరీక్ష 1956లో ప్యూర్టో రికోలో, రియో పియెద్రాస్‌లోని పేదల ఇళ్ల కాలనీలో మొదలైంది. అప్పటికే ఆ ద్వీపంలో పిల్లల ఆపరేషన్లు విపరీతంగా సాగుతున్నాయి. ఆపరేషన్ వద్దనుకున్న స్త్రీలకు మాత్ర ఒక దారిలా కనిపించింది. గర్భం రాదని వాళ్లకు చెప్పారు. తాము ప్రయోగంలో ఉన్నామని సరిగా చెప్పలేదు. ఒక్కో మాత్రలో 10 మిల్లీగ్రాముల ప్రొజెస్టిన్, 150 మైక్రోగ్రాముల ఈస్ట్రోజెన్ ఉండేవి. ఇప్పటి మాత్రల్లో ఈస్ట్రోజెన్ సాధారణంగా 20 నుంచి 35 మైక్రోగ్రాములే. అక్కడ పని చూసిన డాక్టర్ ఎడ్రిస్ రైస్-రే దాదాపు 17 శాతం మందికి వాంతులు, తలనొప్పి, కళ్లు తిరగడం, కడుపునొప్పి వచ్చాయని, ఈ మందు అందరికీ ఇవ్వదగ్గది కాదని రాసింది. పింకస్ అదంతా మనసు తెచ్చిపెట్టుకున్న బాధ అని కొట్టేశాడు. పరీక్షల కాలంలో ముగ్గురు స్త్రీలు చనిపోతే శవపరీక్షలే జరగలేదు. మాత్ర గర్భాన్ని ఆపింది, అదే ఫలితంగా లెక్కకెక్కింది.

హన్నా స్టోన్ రికార్డులు రాసిన క్లినిక్ నుంచి ఇక్కడి దాకా ఉద్యమం ఎంత దూరం జరిగిందో చూడండి. ఈ పరీక్షలు శాంగర్ చేతుల మీదుగా జరగలేదు, నిజమే. కానీ ఈ పరిశోధన మొదలుకావడానికి మనుషుల్నీ డబ్బునూ ఒకచోట చేర్చింది ఆమే. బ్రౌన్స్‌విల్‌లో యిడ్డిష్‌లో కరపత్రం వేసిన మనిషి, ప్యూర్టో రికో స్త్రీలకు స్పానిష్‌లో ఏమి చెప్పారని గట్టిగా అడిగి ఉంటే ఎలా ఉండేదోనని మేము అనుకుంటూ ఉంటాం.

1960లో అమెరికా ప్రభుత్వం ఎనోవిడ్ మాత్రను గర్భనిరోధానికి అనుమతించింది. మరుసటి ఏడాదికల్లా రక్తం గడ్డకట్టే కేసులు వైద్య పత్రికల్లోకి వచ్చాయి. 1965లో అమెరికా సుప్రీంకోర్టు దంపతులకు గర్భనిరోధం హక్కని తీర్పిచ్చింది. అప్పటికి శాంగర్ అరిజోనాలోని టూసాన్‌లో మంచంలో ఉంది. 1966 సెప్టెంబర్ 6న కన్నుమూసింది. 1970లో సెనేట్ విచారణ జరుగుతుంటే, మాత్ర మింగేవాళ్లను ఒక్కరినీ ఎందుకు పిలవలేదని యువతులు లేచి అడిగారు. ఆ తర్వాతే దుష్ఫలితాలు రాసిన కాగితం మాత్రల ప్యాకెట్‌లోకి వచ్చింది.

ఇదంతా చదివి హార్మోన్ అంటే విషం, హార్మోన్ లేనిది మేలు అనుకుంటే అదీ పొరపాటే. 1970ల తొలినాళ్లలో అమెరికాలో అమ్మిన డాల్కన్ షీల్డ్‌లో హార్మోనే లేదు, అయినా ఇన్ఫెక్షన్లతో ప్రాణాలు తీసింది. మన దగ్గర 1965లో ఊరూరా వేసిన లూప్‌లోనూ హార్మోన్ లేదు, రక్తస్రావానికి భయపడి ఆడవాళ్లు తీయించుకున్నారు. నేటి కాపర్ టీ పదేళ్లు పనిచేస్తుంది, హార్మోన్ ఇబ్బందులు ఉండవు. కానీ నెలసరి రక్తం, నొప్పి పెరగవచ్చు. రక్తహీనత ఉన్న కూలి తల్లికి ఇది చిన్న మాట కాదు. ఆమెకే మాత్ర వల్ల రక్తస్రావం తగ్గవచ్చు. బీపీ ఉన్నా, కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉన్నా, 35 దాటి పొగ తాగే అలవాటున్నా, రెండు హార్మోన్లున్న మాత్ర ప్రమాదం. పసిబిడ్డకు పాలిచ్చే తల్లికి కూడా ముందు నెలల్లో అది ఇవ్వరు. మూడు నెలల ఇంజెక్షన్‌తో నెలసరి తారుమారవుతుంది, ఎముకల బలం కొంత తగ్గుతుంది, మానేశాక గర్భం రావడానికి నెలలు పట్టవచ్చు. క్షయకు రిఫాంపిసిన్ వాడే స్త్రీకి మాత్ర సరిగా పనిచేయదు, కాపర్ టీకి ఆ సమస్య లేదు. శాంగర్ తల్లి జబ్బు మన వాడల్లో ఇంకా ఉంది కనుక, మాత్రలిచ్చే ముందు ఆ ప్రశ్న అడగాల్సిందే. సుఖవ్యాధుల్ని కూడా ఆపేది నిరోధ్ ఒక్కటే.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతానికి పైగా వివాహితలు ఆపరేషన్ చేయించుకున్నారు. ఈ పద్ధతుల మధ్య ఎంచుకునే అవకాశం వాళ్లలో ఎంతమందికి దొరికిందన్నది ఆ అంకెల్లో ఉండదు.

శాంగర్ పోయిన ఇరవై ఏళ్లకు ప్యూర్టో రికో కథ మన గుమ్మంలోకి వచ్చింది. 1980ల నడుమ హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే హార్మోన్ ఇంజెక్షన్ పరీక్షకు స్త్రీలను పిలిచారు. పిల్లలు పుట్టకుండా సూది అని మాత్రమే వాళ్లకు తెలుసు. స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు అక్కడికి వెళ్లి, ఇది ఇంకా పరీక్షలో ఉన్న మందని, ఒంటికి ఏమేమి కావచ్చో తెలుగులో విడమరిచి చెప్పారు. వచ్చినవాళ్లలో చాలామంది సూది వేయించుకోకుండా ఇంటికి వెళ్లిపోయారు. 1986లో కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది.