మంచుకోనలో మహాయోగిని: తరిగొండ వెంగమాంబ

ఋతువులారింటిలో హేమంతము మౌనమునకు పెట్టినది పేరు. మార్గశిర పుష్యమాసములలో రాత్రులు దీర్ఘములు, పగళ్ళు హ్రస్వములు. జనులు ప్రొద్దు గ్రుంకక మునుపే ఇండ్లు చేరుదురు. పక్షులు సైతము ఆలస్యముగ మేల్కొనును. ఈ ఋతువునకు మంచే చిహ్నము. మన భాషయందు మంచు అను నొక్క మాటయే గడ్డిపరకపై నిలిచిన బిందువునకును, కోనను కప్పిన తెల్లని తెరకును, హిమాలయ శిఖరములపై ఘనీభవించిన రాశికిని చెల్లుచున్నది. ఆ మూడవ మంచు మన సీమలో కంటికి కానరానిది. మొదటి రెండును మనకు దక్కిన భాగ్యములు.

వేంపల్లె ప్రాంతమున నివసించువారికి ఆ భాగ్యమెంతటిదో వేరుగ చెప్పనక్కరలేదు. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటి, బండలు కాగి, బావులు అడుగంటి, గాలియే సెగయై వీచు నేల యిది. అట్టి నేలపై ధనుర్మాసపు వేకువలో పాపఘ్ని ఇసుకతిన్నెలమీద పలుచని మంచుతెర పరచుకొనును. చీనీతోటల ఆకులనుండి చినుకులవలె బిందువులు రాలును. నల్లరేగడి చేలలో శనగమొక్కలపై నిలిచిన మంచు ఆకులలోని పులుపును గ్రహించి తానును పుల్లనగును. రాత్రివేళ ఆ పైరుపై పలుచని వస్త్రమును పరచి, తెల్లవారుజామున దానిని పిండి, ఆ పులుసును ఔషధముగ దాచుకొనుట మన దేశమున పూర్వమునుండి ఉన్న ఆచారము. అది పగటి సందడిలో లభించునది కాదు. గాలి నిలిచి, నేల చల్లబడి, లోకము నిద్రించు వేళనే అది చేరును. మనుష్యుని అంతరంగమందలి సారము కూడ అట్టిదేయని మన పెద్దలు ఎరిగిరి.

వేంపల్లెకు సమీపమున, పాపఘ్ని శేషాచల పంక్తిని చీల్చుకొని ప్రవహించు చోట, గండి క్షేత్రము కలదు. అచ్చట వీరాంజనేయస్వామి వెలసియున్నాడు. లంకనుండి మరలివచ్చుచు శ్రీరామచంద్రుడు బాణపుమొనతో శిలపై ఆంజనేయుని రూపమును గీచెననియు, చిటికెనవ్రేలు మాత్రము అసంపూర్ణముగ మిగిలెననియు స్థలపురాణము. ఈ కొండల వరుసయే దక్షిణముగ సాగి తిరుమల క్షేత్రమగుచున్నది. ఆదిశేషుని శిరస్సు తిరుమలయనియు, నడుము అహోబిలమనియు, తోక శ్రీశైలమనియు భక్తులు భావింతురు. గండివద్ద వేకువను కమ్ము మంచును, తిరుమల కోనలను కమ్ము మంచును ఒకే శేషుని నిట్టూర్పులవలె తోచును. ఆ కోనలలో నొకదానియందు, నేటికి రెండువందల సంవత్సరములకు పైబడిన కాలమున, రాయలసీమ ఆడపడుచు ఒకతె ఏకాంతమును వరించి చిరకాలము నివసించెను. ఆమెయే తరిగొండ వెంగమాంబ.

గుర్రంకొండ దాపున గల తరిగొండ గ్రామమున, 1730 ప్రాంతమున, కానాల కృష్ణయామాత్యునకును మంగమాంబకును ఆమె జన్మించెను. ఆ గ్రామదైవము లక్ష్మీనృసింహస్వామి. పెరుగు చిలుకు తరిగుండలో స్వామి లభించినందున ఆ ఊరికి తరిగొండయను పేరు కలిగెనని స్థానికులు చెప్పుదురు. వెంగమాంబ చిన్ననాటినుండియు ఆ స్వామి సన్నిధిని విడిచి యుండలేకపోయెడిది. తోటి బాలికలు ఆటలలో మునిగియుండగా ఆమె ఒక మూల కన్నులు మూసికొని కూర్చుండెడిదట. కుమార్తె తీరునకు తల్లిదండ్రులు చింతిల్లి, నాటి ఆచారమును బట్టి బాల్యమందే ఇంజేటి వారింటి వేంకటాచలపతికిచ్చి వివాహము చేసిరి. అనతికాలముననే ఆ భర్త మరణించెను.

ఇచ్చటనే ఆమె జీవితమున అసలైన పరీక్ష ప్రారంభమైనది. నాటి సమాజము భర్తను కోల్పోయిన స్త్రీకి, ఆమె పసిబాలికయైనను, ఇంటిలో ఒక చీకటి మూలను చూపెడిది. శిరోముండనము, కుంకుమ తుడుపు, శుభకార్యములనుండి వెలి, ఇవియే ఆమెకు దక్కెడివి. అదియు నొక ఒంటరితనమే. కాని అది ఇతరులు విధించినది. దానియందు శాంతి లేదు, అవమానమే కలదు. వెంగమాంబ ఆ మూలను అంగీకరింపలేదు. శ్రీ వేంకటేశ్వరుడే తన భర్తయనియు, ఆయన నిత్యుడు గనుక తాను నిత్యసుమంగళి ననియు ఆమె నిశ్చయించుకొనెను. కురులు తీయించుకొనలేదు, కుంకుమను విడువలేదు. బంధువులు నిందించిరి, గ్రామస్థులు వెలివేయజూచిరి. ఒక పీఠాధిపతి సముఖమున సైతము ఆమె తన నిశ్చయమును సవినయముగ నిలుపుకొనెనని జనశ్రుతి. పదునెనిమిదవ శతాబ్దమున, ఒక చిన్న గ్రామమున, అండలేని యొక యువతి ఇట్లు నిలువగలుగుట సామాన్య విషయము కాదు.

మదనపల్లెయందు రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రిగారు ఆమెకు గురువైరి. వారి ఉపదేశమున ఆమె యోగమార్గమున ప్రవేశించెను. బాల్యమున తనకు ఓనమాలైన నేర్పినవారు లేరని తన కావ్యమున చెప్పుకొన్న ఆమె, తరిగొండయందుండగనే నృసింహ శతకమును, శివనాటకమును, బాలకృష్ణ నాటకమును, రాజయోగామృతసారమును రచించెను. ధ్యానమునకు ఇంటిలో తావు లేదు. అందువలన ఆలయములో ఆంజనేయస్వామి విగ్రహము వెనుక, ఎవరి కంటను పడని చోట, ఆమె కూర్చుండెడిది. అదియు కొందరికి కంటగింపైనది. ఆలయ అర్చకుడు ఆమెను అచ్చటనుండి బలవంతముగ వెలుపలికి పంపెనని చరిత్రకారులు వ్రాసియున్నారు. మౌనముగ కూర్చుండుటకు మూడు మూరల చోటు కూడ దొరకని ఆ ఊరిని విడిచి, ఆమె తిరుమలకు బయలుదేరెను.

తిరుమలలో హాథీరాంజీ మఠమువారు ఆమెను ఆదరించి నివాసము కల్పించిరి. ఆలయమునకు దాపున ఉండి, తులసివనమును పెంచుకొని, స్వామిని సేవించుచు ఆమె కొంతకాలము గడపెను. అచ్చటను పొరుగువారి వేధింపులు తప్పలేదు. పుణ్యక్షేత్రమునందైనను మనుష్యులు మనుష్యులే కదా! అప్పుడామె జనసమ్మర్దమునకు దూరముగ, అడవిలో మైళ్ళకొలది లోపల గల తుంబురుకోనను ఆశ్రయించెను.

తుంబురుతీర్థమును చూచినవారికి ఆ స్థలమహిమ ఎరుకయే. ఎత్తైన రెండు కొండలు నిలువున చీలినట్లుండి, వాని నడుమ ఇరుకైన దారిలో సెలయేరు ప్రవహించును. గండివద్ద పాపఘ్ని చేసిన పనినే అచ్చట ఒక చిన్న వాగు చేసినదనిపించును. చుట్టును ఎర్రచందనపు వృక్షములు కలిగిన దట్టమైన అడవి. తుంబురుడు తపమాచరించిన స్థలమని దానికా పేరు వచ్చెను. ఫాల్గుణ పూర్ణిమనాడు జరుగు తుంబురుతీర్థ ముక్కోటికి భక్తులు వచ్చి స్నానమాచరింతురు. అది గడచిన పిమ్మట ఆ కోన మరల మౌనము వహించును.

అట్టి చోట సంవత్సరముల తరబడి నివసించినవారికి ఎన్ని హేమంతములు గడచియుండవలెను! ఈశాన్య ఋతుపవనపు వానలు కార్తికమున కురిసి వెనుదిరుగును. వాగులు నిండి, నేల తడిసి యుండును. ఆకాశము నిర్మలమైన రాత్రులలో భూమి తన వేడిమిని విడిచిపెట్టును. చల్లబడి బరువెక్కిన గాలి కోనలోనికి దిగి నిలుచును. అందలి తేమయే మంచై గుహద్వారమును మూయును. సముద్రమట్టమునకు సుమారు 2800 అడుగుల ఎత్తున గల తిరుమలలో ఆ చలి మైదానమున కంటె అధికము. నాలుగు బారల దూరమున నున్న చెట్టు కనబడదు. ఆకు చివరనుండి బిందువు రాలిన చప్పుడే వినబడును. చూచుటకు లోకమేమియు లేనప్పుడు దృష్టి తనంత తానే లోనికి మరలును. ఇంద్రియములను లోనికి మరలించుటకు యోగశాస్త్రము చెప్పిన ప్రత్యాహారమను సాధనకు ప్రకృతియే తోడ్పడు కాలమది. మాసములలో మార్గశీర్షము తానేనని గీతాచార్యుడు చెప్పుటయందలి ఔచిత్యము అట్టి చోట బోధపడును.

హిమాలయములందు ఇట్టి మౌనమునకు ఆలయములే సాక్ష్యములు. బదరీనాథమున మంచు కురియు మాసములలో గర్భాలయ ద్వారములు మూయబడును. శంకరాచార్యుల గద్దెను జ్యోతిర్మఠమందలి నృసింహాలయమునకు తీసికొనివత్తురు. ఆ కాలమున బదరియందు దేవతలే స్వామిని అర్చింతురని విశ్వాసము. జనులు రాలేని చోటు శూన్యమని మనవారు తలపలేదు. మానవుని కోలాహలము ఆగిన చోట దేవపూజ సాగుచున్నదనియే తలచిరి. తరిగొండ నృసింహుని బిడ్డయైన వెంగమాంబకు తుంబురుకోన అట్టి బదరియే యైనది.

ఆమె ఆ కోనలో ఏమి పొందినదో మనమెరుగము. అది ఆమెకును స్వామికిని తెలిసిన సంగతి. ఏమి చేసినదో మాత్రము ఎరుగుదుము. ఆమె మరల తిరుమలకు వచ్చెను. ఇది గమనింపదగిన విషయము. లోకముచేత గాయపడి అడవికి పోయినవారు అడవియందే ఉండిపోవుట సహజము. వెంగమాంబ తనను వేధించిన మనుష్యుల నడుమకే తిరిగి వచ్చి, వారికై తన శేషజీవితమును వెచ్చించెను. తిరుమలకు చేరిన పిమ్మట ఆమె రచించిన గ్రంథములు అనేకము: విష్ణుపారిజాతము, చెంచునాటకము, రుక్మిణీనాటకము, జలక్రీడావిలాసము, ముక్తికాంతావిలాసము, ద్విపద భాగవతము, వాసిష్ఠ రామాయణము, అష్టాంగయోగసారము మొదలగునవి. వీనిలో వేంకటాచల మాహాత్మ్యము తెలుగువారి ఇండ్లలో పారాయణ గ్రంథమై నిలిచినది. నృసింహ జయంతికి వచ్చు యాత్రికులకు ఆమె అన్నదానము జరిపించెను. దప్పిగొన్నవారికి చలిపందిళ్ళు ఏర్పరచెను. ఇంటిలో ఒక మూలకు నెట్టబడిన స్త్రీ, కొండనెక్కి వచ్చిన అపరిచితులకెల్ల అన్నపూర్ణయైనది.

తిరుమల ఆలయమున రాత్రి జరుగు చివరి సేవకు ఏకాంతసేవయని పేరు. దినమంతయు అసంఖ్యాకులకు దర్శనమిచ్చిన స్వామికి కూడ ఏకాంతము కావలెనని మన ఆగమజ్ఞులు భావించిరి కాబోలు! వెండి భోగశ్రీనివాసమూర్తిని ఊయల పాన్పుపై శయనింపజేయుదురు. ఆ మూర్తిని 966వ సంవత్సరమున సామవై యను పల్లవరాణి సమర్పించెను. తాళ్ళపాక అన్నమాచార్యుల వంశీయులు లాలి పాడుదురు. తరిగొండ వెంగమాంబ పక్షమున, వెండి పళ్ళెరమున దశావతారములలో ఒక రూపమును ముత్యములతో తీర్చి, హారతి పట్టుదురు. ముత్యాలహారతి యని దానికి ప్రసిద్ధి. ధనుర్మాసమున మాత్రము ఆ పాన్పుపై శ్రీకృష్ణమూర్తి శయనించును. తలుపులు మూయుటకు ముందు స్వామి ముఖముపై పడు కడపటి వెలుగు, ఒకనాడు ఆలయమున కూర్చుండ చోటు దొరకని స్త్రీ పేరిట వెలిగించినది. ఆమె కాలమునుండి నేటివరకు ఈ సేవ నడచుచున్నది.

1817వ సంవత్సరమున, ఈశ్వర నామ సంవత్సర శ్రావణ శుద్ధ నవమినాడు వెంగమాంబ తిరుమలలో సమాధి పొందెను. ఆలయమునకు ఉత్తరదిశగ ఆమె బృందావనము కలదు. తిరుమలలో నిత్యము వేలాది భక్తులు భుజించు అన్నప్రసాద భవనమునకు మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పేరుంచి 2011లో ప్రారంభించిరి. అందు భుజించువారిలో ఆమె చరిత్రమును ఎరిగినవారు కొందరే కావచ్చును. అన్నము పెట్టిన తల్లి తన పేరు చెప్పుమని ఎవరిని అడుగును?

ఒంటరితనమునకును ఏకాంతమునకును గల భేదమును ఈ మహాయోగిని జీవితము మనకు నేర్పుచున్నది. ఒంటరితనము మనకు ఇతరులు ఇచ్చునది. ఏకాంతము మనము స్వామికి ఇచ్చునది. మొదటిదానిని రెండవదానిగ మార్చుకొనుటకు ఆమెకు తుంబురుకోన కావలసివచ్చెను. మనయందరికి కోనలు, గుహలు లభింపవు. అయినను ప్రతి ఏట హేమంతము మన వాకిటికే వచ్చుచున్నది. ధనుర్మాసపు వేకువలో, గొబ్బెమ్మలు పెట్టుటకు పిల్లలు లేవకముందు, గండికి పోవు దారిలో బండ్ల చప్పుడు మొదలు కాకముందు, పాపఘ్నిపై మంచు తొలగక నిలుచు గడియ ఒకటి కలదు. ఆ గడియలో ఒకింతసేపు మౌనముగ కూర్చుండుడు. మన ఇంటిలో, మన వీధిలో, ఎవరైన ఒక మూలకు నెట్టబడి యున్నారేమో తలచి చూడుడు. సూర్యోదయముతో మంచు తొలగును. అప్పుడు లేచి వారికడకు పోవుడు. వెంగమాంబ నడచిన దారి అదియే.