రుక్మిణీదేవి అరండేల్

రుక్మిణీదేవి అరండేల్ (ఫిబ్రవరి 29, 1904 - ఫిబ్రవరి 24, 1986) సుప్రసిద్ధ భరతనాట్య కళాకారిణి, కళాక్షేత్ర వ్యవస్థాపకురాలు, దివ్యజ్ఞాన సమాజ ప్రముఖురాలు, భారతదేశంలో జంతు సంక్షేమ ఉద్యమానికి చట్టరూపం కల్పించిన పార్లమెంటు సభ్యురాలు. నాట్యరంగంలో ఈమె కృషి లోకవిదితమే. మూగజీవుల పక్షాన చట్టసభలో ఈమె సాగించిన కృషి అంతగా ప్రచారం పొందలేదు.

బాల్యము, వివాహము

రుక్మిణీదేవి మదురైలో ఒక బ్రాహ్మణ కుటుంబంలో జన్మించింది. తండ్రి నీలకంఠశాస్త్రి ప్రజాపనుల శాఖలో ఇంజనీరు. తల్లి శేషమ్మాళ్ త్యాగరాజస్వామి నివసించిన తిరువయ్యారుకు చెందిన సంగీతాభిమాని. నీలకంఠశాస్త్రి అనీబిసెంట్ ప్రభావంతో దివ్యజ్ఞాన సమాజంలో చేరి, ఉద్యోగ విరమణ అనంతరం మద్రాసులోని అడయారు సమీపంలో స్థిరపడ్డాడు. సర్వజీవుల ఏకత్వాన్ని, శాకాహారాన్ని బోధించే ఆ సమాజ వాతావరణంలో రుక్మిణీదేవి పెరిగింది. తరువాతి కాలంలో ఈమె జంతువుల కొరకు చేసిన కృషికి బీజం అక్కడే పడింది.

1920లో ఈమె తనకంటే 25 ఏళ్ళకు పైగా పెద్దవాడైన ఆంగ్లేయ విద్యావేత్త జార్జి అరండేల్‌ను వివాహమాడింది. ఈ వివాహం నాటి మద్రాసు సంప్రదాయ సమాజంలో పెద్ద దుమారాన్ని రేపింది. జార్జి 1934లో దివ్యజ్ఞాన సమాజ అధ్యక్షుడై, 1945లో మరణించాడు.

నాట్యరంగము

రష్యన్ బ్యాలే నర్తకి అన్నా పావ్లోవాతో పరిచయం రుక్మిణీదేవి దృష్టిని నాట్యం వైపు మళ్ళించింది. దేవదాసీల కులవిద్యగా ఉన్న సదిరాటను మైలాపూరు గౌరీ అమ్మాళ్, పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్ళైల వద్ద నేర్చుకొని, 1935లో అడయారులో ప్రదర్శించింది. 1936లో కళాక్షేత్రను స్థాపించింది. తంజావూరు మండలంలో తెలుగు భాషలో ప్రదర్శింపబడే మేలట్టూరు భాగవతమేళ నాటకాలను కూడా కళాక్షేత్ర వేదికపైకి తెచ్చింది. అయితే సదిరాటలోని శృంగారాన్ని ఈమె తగ్గించినదని, దానిని తరతరాలుగా కాపాడిన దేవదాసీ కుటుంబాలు ఈ మార్పులో మరుగున పడ్డాయని విమర్శలు ఉన్నాయి. నర్తకి టి. బాలసరస్వతి ఈమె దృక్పథంతో విభేదించింది.

జంతుహింస నిరోధక బిల్లు

1952లో రుక్మిణీదేవి రాజ్యసభకు నామినేట్ అయింది. 1956లో మరల నామినేట్ అయి 1962 వరకు సభ్యురాలిగా కొనసాగింది.

అప్పటికి దేశంలో అమలులో ఉన్నది బ్రిటిషు పాలకులు చేసిన 1890 నాటి చట్టం. దాని పరిధిలోకి వచ్చేవి పెంపుడు జంతువులు, బంధింపబడిన జంతువులు మాత్రమే. దీనికి బదులుగా ఈమె రాజ్యసభలో ఒక అనధికార బిల్లును ప్రవేశపెట్టింది. 1954లో దానిపై చర్చ జరిగినపుడు ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ బిల్లు ఆశయం పట్ల సానుభూతి తెలిపి, ఈ విషయాన్ని పరిశీలించడానికి ఒక సంఘాన్ని నియమించి, ప్రభుత్వమే ఒక బిల్లును తెస్తుందని హామీ ఇచ్చాడు. ఈ హామీపై ఈమె తన బిల్లును ఉపసంహరించుకొన్నది. ఆ హామీ నెరవేరడానికి ఆరేళ్ళు పట్టింది.

1960లో జంతుహింస నిరోధక చట్టం ఆమోదం పొందింది. ఇందులో జంతువు అనే పదానికి మనిషి తప్ప మిగిలిన ఏ ప్రాణి అయినా అని నిర్వచనం ఇచ్చారు. కొట్టడం, శక్తికి మించిన బరువు మోయించడం, ఆహారం నీరు ఇవ్వకపోవడం వంటివి నేరాలయ్యాయి. అయితే చట్టంలో మినహాయింపులు కూడా ఉన్నాయి. మతాచారం ప్రకారం జరిగే వధ నేరం కాదు. శాస్త్రీయ ప్రయోగాలను నిషేధించకుండా, వాటిని పర్యవేక్షించే సంఘానికి మాత్రమే అవకాశం కల్పించారు. తొలిసారి నేరానికి జరిమానా 50 రూపాయలకు మించదు. జంతువు బాధను నేరంగా గుర్తించిన చట్టమే ఆ బాధకు ఇంత స్వల్ప విలువ కట్టడం దీనిపై ప్రధానమైన విమర్శ.

జంతు సంక్షేమ మండలి

ఈ చట్టం క్రింద 1962లో భారత జంతు సంక్షేమ మండలి మద్రాసులో ఏర్పడింది. రుక్మిణీదేవి దీనికి తొలి అధ్యక్షురాలు. మరణించే వరకు మండలితో ఈమె అనుబంధం కొనసాగింది. ప్రయోగశాలల కొరకు కోతులను విదేశాలకు పంపడాన్ని ఈమె వ్యతిరేకించింది. ఈ ఎగుమతిని భారత ప్రభుత్వం 1978లో నిలిపివేసింది. 1955 నుండి అంతర్జాతీయ శాకాహార సంఘానికి ఉపాధ్యక్షురాలిగా కూడా వ్యవహరించింది.

రాష్ట్రపతి పదవి

1977లో ప్రధాని మొరార్జీ దేశాయి రాష్ట్రపతి పదవికి ఈమె పేరును ప్రతిపాదింపగా, ఈమె నిరాకరించింది. ఆ ఎన్నికలో నీలం సంజీవరెడ్డి ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు.

పురస్కారాలు

పద్మభూషణ్ (1956), సంగీత నాటక అకాడమీ అవార్డు (1957), సంగీత నాటక అకాడమీ ఫెలోషిప్ (1967), విశ్వభారతి విశ్వవిద్యాలయం వారి దేశికోత్తమ (1972), జంతు సంక్షేమ మండలి వారి ప్రాణిమిత్ర.

మరణానంతరము

రుక్మిణీదేవి 1986 ఫిబ్రవరి 24న మద్రాసులో మరణించింది. 1993 నాటి ప్రత్యేక చట్టం ద్వారా కళాక్షేత్ర జాతీయ ప్రాముఖ్యత గల సంస్థ అయింది. జంతు సంక్షేమ మండలి కార్యాలయం 2018లో చెన్నై నుండి హర్యానాలోని బల్లభ్‌గఢ్‌కు తరలిపోయింది.

1960 చట్టం ఈమె మరణానంతరం కూడా పలు వివాదాలకు కేంద్రమైంది. 2014లో సుప్రీంకోర్టు ఈ చట్టం ఆధారంగానే జల్లికట్టును నిషేధించి, జంతువులకు గౌరవంగా జీవించే హక్కు ఉన్నదని తీర్పు చెప్పింది. 2017లో తమిళనాడు ప్రభుత్వం చట్టాన్ని సవరించి జల్లికట్టును అనుమతించగా, 2023లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణను సమర్థించింది. శిక్షలను పెంచే ముసాయిదా సవరణను కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రజాభిప్రాయం కొరకు విడుదల చేసింది.