తీరికకు విలువ తెలిపిన సురవరము
అధ్యాపకులు రాని నాడు చేజిక్కిన తీరికను ఏమి చేయవలెనని తర్కించుకొను విద్యార్థి మిత్రులకు, మేము ఒక పాలమూరు మహనీయుని జ్ఞాపకము చేయదలచినాము. 1896లో జన్మించిన సురవరం ప్రతాపరెడ్డిగారు న్యాయశాస్త్రము చదివియు వకీలు వృత్తికే పరిమితులు కాలేదు. తెలుగు, ఉర్దూ, పారసీ, సంస్కృతములను అభ్యసించి, 1926లో హైదరాబాదున గోలకొండ పత్రికను స్థాపించిరి. తెలంగాణమున కవులే లేరన్న నిందకు కోపగించి ఊరుకొనక, పత్రికా నిర్వహణ భారము నడుమనే పద్యములు సేకరించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. 1953లో కన్నుమూసిరి. వారి ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో, తెలుగున మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించినది. మన ఊళ్ల పాత పెట్టెలలో తాళపత్రములో, ఉర్దూ చేవ్రాతలో చెదలపాలగుచుండవచ్చును. ఒక్క సెలవు దినమున ఒక్క పుటనైనను ఎత్తి వ్రాసుకొందము.