స్వభావం మారుతుందా?
ఇమామ్ గజాలీ (రహిమహుల్లాహ్) జీవితం చెప్పే జవాబు

కొడుకు ఫజ్ర్ నమాజుకు లేవడు. ఇంటాయన చీటికీ మాటికీ కోపంతో ఊగిపోతాడు. కోడలి నోట చాడీలు ఆగవు. ఇలాంటి సందర్భాల్లో మన పెద్దలు నిట్టూర్చి, పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదని తేల్చేస్తారు. మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాల్లో ఈ సామెత వినబడని ఇల్లు ఉండదేమో! కాని ఒక్కసారి ఆలోచించండి. మనిషి గుణం మారనిదే అయితే అల్లాహ్ ప్రవక్తలను ఎందుకు పంపినట్లు? శుక్రవారం ఖుత్బాలు ఎందుకు? తౌబా ద్వారం తెరిచి ఉంచడం ఎందుకు?

సుమారు తొమ్మిది వందల సంవత్సరాల క్రితం ఒక మహా పండితుడు ఈ ప్రశ్నను చేపట్టారు. ఆయన గ్రంథం ద్వారా జవాబు చెప్పారు. అంతకు ముందు తన జీవితంతోనే జవాబు చెప్పారు. ఆయనే ఇమామ్ అబూ హామిద్ ముహమ్మద్ గజాలీ (రహిమహుల్లాహ్).

హిజ్రీ 450 (క్రీ.శ. 1058)లో ఖురాసాన్‌లోని తూస్ పట్టణంలో ఆయన జన్మించారు. తండ్రి ఉన్ని వడికి, అమ్ముకుని జీవించే నిరుపేద అని చరిత్రకారులు రాశారు. దూది ఏకి, పరుపులు కుట్టి పిల్లల్ని పెంచిన కుటుంబాలు మన ప్రాంతంలోనూ ఎన్నో ఉన్నాయి గనుక ఆ పేదరికం ఎలాంటిదో మనకు చెప్పనక్కరలేదు. తాను చదువుకోలేకపోయానన్న బాధ ఆ తండ్రికి ఉండేది. మరణ సమయంలో ఇద్దరు కొడుకులు ముహమ్మద్, అహ్మద్‌లను ఒక భక్తిపరుడైన మిత్రునికి అప్పగించి, తన వద్ద ఉన్న కొద్దిపాటి సొమ్ముతో వారిని చదివించమని కోరారు. సొమ్ము అయిపోయాక ఆ మిత్రుడు, మదర్సాలో చేరితే చదువుతోపాటు తిండి కూడా దొరుకుతుందని వారికి సలహా ఇచ్చాడు.

యువకుడైన గజాలీ జుర్జాన్‌లో చదువుకుని తిరిగి వస్తుండగా దారిదోపిడీ దొంగలు సర్వం దోచుకున్నారు. తన పాఠాల కాగితాలైనా ఇవ్వమని ఆయన బ్రతిమాలారు. కాగితాలు పోతే పోయేది అదేం విద్య అని దొంగల నాయకుడు ఎగతాళి చేసి వాటిని తిరిగి ఇచ్చాడు. ఆ ఎగతాళి ఆయన గుండెకు తగిలింది. తూస్ చేరి మూడు సంవత్సరాలపాటు ఆ పాఠాలన్నీ కంఠస్థం చేశారు. దొంగ నోటి నుంచి వచ్చిన మాటలో కూడా తన లోపాన్ని చూసుకోగల గుణం ఆయనలో అప్పుడే కనిపించింది.

తర్వాత నిషాపూర్‌లో ఇమాముల్ హరమైన్ జువైనీ వద్ద ఉన్నత విద్య అభ్యసించారు. 1085లో గురువు మరణించాక సల్జూఖ్ రాజ్య మంత్రి నిజాముల్ ముల్క్ ఆయన్ను ఆదరించాడు. 1091లో బాగ్దాద్‌లోని నిజామియా మదర్సాకు ప్రధాన ఆచార్యునిగా నియమించాడు. అప్పటికి ఆయన వయస్సు ముప్ఫై మూడేళ్ళు. వందలాది విద్యార్థులు ఆయన ముందు కూర్చునేవారు. రాజులు, మంత్రులు గౌరవించేవారు. మనిషి కోరుకునే పేరు, పదవి, సంపద అన్నీ దక్కాయి.

సరిగ్గా అప్పుడే ఆయన తన మనస్సును తానే ప్రశ్నించుకున్నారు. ఈ బోధన ఎవరి కోసం? అల్లాహ్ ప్రసన్నత కోసమా, జనం మెప్పు కోసమా? నిజాయితీగా తరచి చూస్తే తనను నడిపిస్తున్నది కీర్తికాంక్షేనని తేలింది. అన్నీ వదిలి వెళ్ళాలని ఉదయం నిశ్చయించుకునేవారు. సాయంత్రానికి కోరికల సైన్యం వచ్చి ఆ నిశ్చయాన్ని చెదరగొట్టేది. 1095లో ఆరు మాసాలపాటు ఈ పెనుగులాట సాగింది. చివరకు పాఠం చెప్పబోతే నాలుక కదలలేదు. గుక్కెడు నీరు, ముద్ద అన్నం కూడా లోపలికి దిగలేదు. ఇది హృదయంలో పుట్టి శరీరానికి పాకిన వ్యాధి అనీ, మనోవేదన తీరితే తప్ప మందులు పనిచేయవనీ వైద్యులు చేతులెత్తేశారు.

ఆయన నిస్సహాయుడై అల్లాహ్‌ను వేడుకున్నారు. కుటుంబ పోషణకు కావలసినంత ఉంచి మిగిలిన ధనాన్ని పంచిపెట్టి బాగ్దాద్ విడిచారు. డమాస్కస్‌లో సుమారు రెండేళ్ళు ఏకాంతంలో, ఆరాధనలో, ఆత్మశుద్ధిలో గడిపారు. అక్కడి జామె మస్జిదు మినార్ ఎక్కి, తలుపు మూసుకుని రోజంతా దైవస్మరణలో ఉండేవారు. బైతుల్ మఖ్దిస్ దర్శించి, హజ్ చేసి, కొంతకాలానికి స్వస్థలం చేరుకున్నారు.

ఈ కాలంలోనే ‘ఇహ్యా ఉలూముద్దీన్’ అనే నలభై భాగాల మహాగ్రంథం రూపుదిద్దుకుంది. అందులోని కొన్ని హదీసులు బలహీనమైనవని హదీసు వేత్తలు గుర్తించారు. హాఫిజ్ ఇరాఖీ వాటిని పరిశీలించి వివరాలు రాశారు కూడా. అయినా మనిషి లోపలి రోగాలను, వాటి చికిత్సను ఇంత లోతుగా చర్చించిన గ్రంథాలు అరుదు.

ఇమామ్ గారి దృష్టిలో స్వభావం అంటే, ఆలోచించనక్కర లేకుండా పనులు తేలికగా వెలువడేటట్లు మనస్సులో స్థిరపడిన స్థితి. ఒకసారి దానం చేసినవాడు దాత కాడు. ఇవ్వడం సులభమైపోయినవాడే దాత. మరి ఆ స్థితి ఎలా వస్తుంది? చేతిరాత ఉదాహరణతో ఆయన వివరించారు. మంచి లేఖకుడు కావాలనుకునేవాడు మొదట్లో కష్టపడి, ఇతరుల రాతను అనుకరిస్తూ పదే పదే రాస్తాడు. కొన్నాళ్ళకు చేయి దానంతటదే అందంగా రాస్తుంది. మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దిన మనకు ఇది తెలియనిదా? గురువు రాసిన ‘అ’ మీద వంకరగా దిద్దిన వేలే ఈనాడు చూడకుండా సంతకం చేస్తోంది. పిసినారి బలవంతంగానైనా ఇస్తూ పోతే, కోపిష్టి పళ్ళబిగువున ఓర్చుకుంటూ పోతే, ఆ నటన వంటిదే మెల్లగా గుణంగా మారుతుంది. ఒక్క రాత్రి చదువుతో ఎవరూ పండితులు కారు, ఒక్క రాత్రి సోమరితనంతో చదువు పోదు. కాని ఆ ఒక్క రాత్రిని తేలిగ్గా తీసుకున్నవాడు రేపటి రాత్రినీ అలాగే పోగొట్టుకుంటాడని ఆయన హెచ్చరించారు.

పుట్టుకతో వచ్చే తేడాలను ఆయన కాదనలేదు. కొందరు త్వరగా మారుతారు, కొందరు ఆలస్యంగా. కోపాన్ని, కోరికను పూర్తిగా చంపమనీ అనలేదు. వాటిని బుద్ధికి, షరీఅత్‌కు లోబరచమన్నారు. కంభం చెరువును చూడండి. గుండ్లకమ్మ నీటికి కట్ట వేసి, తూముల ద్వారా వదిలితే పొలాలు పండుతాయి. అదే కట్ట తెగితే ఊళ్ళు మునుగుతాయి. కోపమూ అంతే.

ఆధునిక మనస్తత్వ శాస్త్రజ్ఞులు కూడా అలవాట్ల గురించి ఎంతో రాశారు. అమెరికాకు చెందిన విలియమ్ జేమ్స్ 1890లో తన గ్రంథంలో ఒక అధ్యాయాన్నే దీనికి కేటాయించాడు. మళ్ళీ మళ్ళీ చేయడం వల్లే అలవాటు స్థిరపడుతుందన్న విషయంలో ఇద్దరికీ పొత్తు కుదురుతుంది. అయితే ఇమామ్ గారు అంతటితో ఆగలేదు. ఆ మంచి అలవాటు ఎవరి కోసమని అడిగారు. సంకల్పం (నియ్యత్) చెడితే నమాజు సైతం ప్రదర్శనగా మారుతుంది. బాగ్దాద్‌లో ఆయన కాపాడుకున్నది ఈ సంకల్పాన్నే.

మన లోపాలు మనకు కనబడవు గనుక నాలుగు మార్గాలు చూపారు: మంచి గురువును ఆశ్రయించడం, నిజం చెప్పే మిత్రుణ్ణి అడగడం, శత్రువు చేసే విమర్శను వినడం, ఇతరులలో మనకు నచ్చని దోషం మనలో ఉందేమో చూసుకోవడం. వ్యాపారి తన భాగస్వామితో లెక్క చూసుకున్నట్లు ప్రతి ఉదయం మనస్సుతో షరతు పెట్టుకుని, రాత్రి లెక్క అడగమన్నారు.

1106లో అధికారుల కోరికపై నిషాపూర్‌లో మళ్ళీ బోధన చేపట్టారు. పని పాతదే, సంకల్పం మాత్రం కొత్తది. కొంతకాలానికి తూస్‌కు తిరిగి వచ్చి, ఇంటి పక్కనే విద్యార్థులకు చదువు చెబుతూ గడిపారు. హిజ్రీ 505 (క్రీ.శ. 1111 డిసెంబరు)లో ఒక సోమవారం ఉదయం వుజూ చేసి, నమాజు చేసి, కఫన్ తెప్పించుకుని కళ్ళకద్దుకున్నారు. ఖిబ్లా వైపు తిరిగి పడుకుని కన్నుమూశారని సోదరుడు అహ్మద్ తెలిపారు.

సోదర సోదరీమణులారా! ఇకమీదట బిడ్డను చూసి వీడింతే అనే ముందు, భర్తను చూసి ఈయన మారడు అనే ముందు, అద్దంలో చూసుకుని నేనింతే అనే ముందు కాస్త ఆగుదాం. ఈ రోజు ఒక్క చెడు అలవాటును ఎంచుకుందాం. దానికి విరుద్ధమైన మంచి పనిని, అల్లాహ్ కోసం, కొంచెం కొంచెంగా దిద్దడం మొదలుపెడదాం. మొదటి అక్షరం వంకరగానే వస్తుంది. పలక మాత్రం చేతిలోంచి దించకూడదు.

అల్లాహ్ మన హృదయాలను శుద్ధి చేసి, మన సంకల్పాలను సరిదిద్ది, మంచి నడవడికను మనకు సులభం చేయుగాక! ఆమీన్.