విలియం బూత్

విలియం బూత్ (ఏప్రిల్ 10, 1829 - ఆగష్టు 20, 1912) ఇంగ్లాండు దేశానికి చెందిన క్రైస్తవ బోధకుడు, సాల్వేషన్ ఆర్మీ (రక్షణ సైన్యము) స్థాపకుడు, ఆ సంస్థ మొదటి జనరల్. లండన్ నగరంలోని ఈస్ట్ ఎండ్ మురికివాడలలో ప్రార్థనా కూటములతో ఆరంభమైన ఈయన కృషి క్రమంగా అన్నశాలలు, రాత్రి బసలు, పని కల్పించే కర్మాగారాల వరకు విస్తరించింది. మనిషి మనసు మారితే అతని బ్రతుకు దానంతట అదే మారుతుందని చాలాకాలం నమ్మిన బూత్, అరవయ్యవ ఏట ఆ అభిప్రాయాన్ని సవరించుకున్నాడు. ఆయన జీవితంలో ముఖ్యమైన మలుపు ఇదే.

లండన్ పేదరికాన్ని వీధి వీధినా లెక్కగట్టి గ్రంథాలు ప్రకటించిన చార్లెస్ బూత్ వేరొక వ్యక్తి. ఇంటిపేరు, కాలం, నగరం ఒకటే కావడం వలన ఇద్దరినీ ఒకరిగా పొరబడడం కద్దు.

బాల్యము

బూత్ నాటింగ్‌హామ్ పట్టణ సమీపంలోని స్నీంటన్‌లో జన్మించాడు. తండ్రి శామ్యూల్ బూత్ ఇళ్ళు కట్టించి అమ్మే వ్యాపారంలో కొంత ధనం గడించి, తరువాత దివాలా తీశాడు. ఫీజు కట్టే స్థితి లేక పదమూడవ ఏట కొడుకును బడి మాన్పించి ఒక తాకట్టు దుకాణంలో పనికి కుదిర్చాడు. అదే సంవత్సరం, అనగా 1842లో, తండ్రి మరణించాడు. వారం మొదట్లో దుప్పట్లు, పనిముట్లు, పెళ్ళి ఉంగరాలు కుదువబెట్టి, కూలి డబ్బు అందగానే విడిపించుకొనే కుటుంబాలను బూత్ ఆ దుకాణంలో ఏళ్ళ తరబడి చూశాడు. పేదరికం గురించి ఆయనకు దొరికిన మొదటి పాఠశాల ఇదేనని చెప్పవచ్చు.

పదిహేనవ ఏట మెథడిస్టు సమావేశాలలో మతానుభవం పొంది వీధులలో బోధించడం ప్రారంభించాడు. 1849లో పని వెతుక్కుంటూ లండన్ చేరినపుడు కూడా మళ్ళీ తాకట్టు దుకాణమే గతి అయినది. 1855లో కేథరిన్ మమ్‌ఫర్డ్‌ను వివాహమాడాడు. వీరికి ఎనిమిదిమంది సంతానం. స్త్రీలు బోధించవచ్చునని 1859లోనే కరపత్రం ప్రచురించిన కేథరిన్, మరుసటి ఏడు తానే వేదిక ఎక్కింది. సైన్యంలో స్త్రీలకు పురుషులతో సమానమైన హోదా లభించడానికి మూలం ఆమె. మెథడిస్టు న్యూ కనెక్షన్ శాఖలో పాదిరిగా ఉన్న బూత్, ఊరూరా తిరిగి బోధించే పనికి పెద్దలు అనుమతించనందున 1861లో ఆ పదవిని వదులుకున్నాడు.

ఈస్ట్ ఎండ్

1865లో వైట్‌చాపెల్‌లోని బ్లైండ్ బెగ్గర్ అనే సారాయి దుకాణం ముందు ఆయన బోధించగా విన్న కొందరు, సమీపంలోని క్వేకర్ల పాత శ్మశాన స్థలంలో వేసిన గుడారంలో కూటములు నడపమని కోరారు. రేవు కూలీలు, గంపల వర్తకులు, పని దొరకని వలసజనం క్రిక్కిరిసిన ప్రాంతమది. అక్కడ చర్చిలు లేక కాదు. చర్చిలో కూర్చొనే బల్లకు అద్దె కట్టలేనివారు, చిరిగిన దుస్తులతో లోనికి రావడానికి సిగ్గుపడేవారు అక్కడికి పోయేవారు కారు. బూత్ వారిని తమ తమ పేటల చర్చిలకు పంపాలని మొదట భావించాడు; పంపితే ఆదరణ దొరకలేదు. అందుచేత స్వంతంగా క్రిస్టియన్ మిషన్ నెలకొల్పి, నృత్యశాలలను అద్దెకు తీసుకొని సభలు నడిపాడు. తక్కువ ధరకు భోజనం అమ్మే దుకాణాలు కూడా కొన్ని తెరిచాడు గాని 1870లలోనే మూసివేయవలసి వచ్చింది.

1878లో మిషన్ పేరు సాల్వేషన్ ఆర్మీగా మారింది. పేరుతో పాటు దుస్తులు, జెండాలు, బాజాలు, సైనిక పదవులు వచ్చాయి. సభ్యులు మద్యం ముట్టరాదు. ఇది సారాయి వ్యాపారులకు కంటగింపు కాగా, వారి ప్రోత్సాహంతో స్కెలిటన్ ఆర్మీ పేర అల్లరిమూకలు బయలుదేరి 1880లలో పలు పట్టణాలలో ఊరేగింపులపై రాళ్ళు, కుళ్ళిన కూరగాయలు రువ్వాయి. దెబ్బలు తిన్నవారినే వీధిలో గుమిగూడారన్న నేరంపై జైలుకు పంపిన సందర్భాలు అనేకం.

పథకము

1887 చివర ఒక రాత్రి పొరుగూరి నుండి తిరిగి వస్తూ బూత్ లండన్ బ్రిడ్జి వద్ద ఆరుబయట చలిలో పడుకొన్న మనుష్యులను చూశాడు. మరునాడు కుమారుడు బ్రామ్‌వెల్‌ను పిలిచి వారికి ఏదైనా నీడ ఏర్పాటు చేయమని ఆదేశించాడు. ఫలితంగా 1888లో లైమ్‌హౌస్‌లో మొదటి అన్నశాల, రాత్రి బస వెలిశాయి. అన్నం, పడక ఉచితం కాదు, కొద్ది పెన్నీలు చెల్లించాలి. చెల్లించలేనివారు పని చేయాలి. కొన్ని బసలలో పడకలు శవపేటికల వంటి చెక్క పెట్టెలు. అయినా చలిలో రాత్రంతా నడిచేకంటే మేలని జనం బారులు తీరేవారు.

1890లో వెలువడిన ఇన్ డార్కెస్ట్ ఇంగ్లాండ్ అండ్ ది వే అవుట్ అనే గ్రంథంలో బూత్ తన ఆలోచనను పూర్తిగా వివరించాడు. రచనలో పత్రికా సంపాదకుడు డబ్ల్యు.టి.స్టెడ్ సహాయం ఉన్నది. ఆ ఏడాదే వచ్చిన స్టాన్లీ ఆఫ్రికా యాత్రా గ్రంథం పేరును అనుకరించి, చీకటి ఖండం లండన్ వీధుల్లోనే ఉందని సూచించాడు. చార్లెస్ బూత్ లెక్కలను ఆధారం చేసుకొని దేశ జనాభాలో పదవ వంతు, సుమారు 30 లక్షల మంది, అట్టడుగున మునిగి ఉన్నారని అంచనా వేశాడు. లండన్‌లో బండి గుర్రం పడిపోతే లేపి నిలబెడతారు, బ్రతికినన్నాళ్ళు మేత, కొట్టం, పని చూపిస్తారు; మనిషికి కనీసం ఆ మాత్రం దక్కాలన్నది ఆయన కోరిన ప్రమాణం. నగర కాలనీలో అన్నం, బస, పని. అక్కడ కుదుటబడినవారికి వ్యవసాయ కాలనీ. ఆపైన విదేశీ కాలనీ అని మూడు అంచెల ప్రణాళిక వేశాడు. లక్ష పౌన్లు కావాలని కోరగా కొద్ది నెలలలోనే సమకూరాయి. గ్రంథం అచ్చయ్యే రోజుల్లోనే, 1890 అక్టోబరు 4న, కేథరిన్ క్యాన్సర్‌తో మరణించింది.

పని వెతికిపెట్టే కార్యాలయాన్ని సైన్యం 1890లోనే నడిపింది. బ్రిటిష్ ప్రభుత్వం ఇటువంటి కార్యాలయాలకు చట్టం చేసినది 1909లో. ఎసెక్స్‌లోని హ్యాడ్లీ వద్ద 1891లో కొన్న భూములలో వ్యవసాయ కాలనీ, ఇటుకల తయారీ సాగాయి. విదేశీ కాలనీ మాత్రం బూత్ తలచిన రూపంలో ఏర్పడలేదు. బదులుగా కెనడా మొదలైన దేశాలకు వేలాదిమందిని వలస పంపారు.

అగ్గిపెట్టెల కర్మాగారము

ఈ పథకాలలో చిన్నదే అయినా ఎక్కువగా చెప్పుకోదగినది 1891లో ఓల్డ్ ఫోర్డ్‌లో తెరిచిన అగ్గిపెట్టెల కర్మాగారం. అప్పట్లో చవక అగ్గిపుల్లలకు తెల్ల భాస్వరం వాడేవారు. దాని ఆవిరి పీల్చే కార్మికులకు, ముఖ్యంగా యువతులకు, దవడ ఎముక కుళ్ళిపోయేది. ఈస్ట్ ఎండ్‌లోనే బ్రయాంట్ అండ్ మే కర్మాగారంలో 1888లో బాలికలు, స్త్రీలు సమ్మె చేసి ఉన్నారు. బూత్ హానిలేని ఎర్ర భాస్వరం వాడించి, గ్రోసుకు నాలుగు పెన్నీలు కూలి ఇచ్చాడు. ఇతర చోట్ల అది రెండున్నర పెన్నీలకు మించేది కాదు. పార్లమెంటు సభ్యులను, విలేఖరులను రప్పించి వ్యాధిగ్రస్తుల ఇళ్ళు చూపించారు. అయితే సైన్యం పెట్టె ధర ఎక్కువ; పేదవారు కూడా చవకదే కొనేవారు. వ్యాపారంగా అది నిలవలేదు, 1901లో మూతబడింది. సరిగ్గా ఆ సంవత్సరమే బ్రయాంట్ అండ్ మే తెల్ల భాస్వరం మానివేసింది. 1908 చట్టం దానిని దేశమంతటా నిషేధించింది.

విమర్శలు

శాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ టైమ్స్ పత్రికకు వరుస లేఖలు వ్రాసి, ఒకే వ్యక్తి ఆజ్ఞకు బద్ధులైన సైన్యం చేతికి ఇంత ధనం, ఇందరు నిస్సహాయులు చిక్కడం ప్రమాదకరమని వాదించాడు. నిధులపై 1892లో జరిగిన విచారణ బూత్‌ను నిర్దోషిగా తేల్చింది. ఏకవ్యక్తి పాలన గురించిన ఆక్షేపణ మాత్రం నిరాధారం కాదు. దాని దెబ్బ ఆయన ఇంటికే తగిలింది: కుమారుడు బాలింగ్టన్ 1896లో, మరో కుమారుడు హెర్బర్ట్, పెద్ద కుమార్తె కేట్ 1902లో సైన్యం విడిచిపోయారు.

భారతదేశము

ఐ.సి.ఎస్. ఉద్యోగం వదిలి సైన్యంలో చేరిన ఫ్రెడరిక్ టక్కర్ 1882లో బొంబాయిలో పని ప్రారంభించాడు. ఈయన తరువాత బూత్ అల్లుడైనాడు. ఫకీరు వేషంలో, చెప్పులు లేకుండా తిరిగిన ఈ దొరను చూసి ప్రభుత్వం కలవరపడి అరెస్టు చేసింది. బూత్ 1891-92లోను, 1895-96లోను భారతదేశం సందర్శించాడు.

వ్యవసాయ కాలనీ ఆలోచన తెలుగునాటకు వచ్చినది ఆయన మరణానంతరం. బాపట్ల దగ్గర 1913లో ఎరుకల కుటుంబాల కొరకు స్టూవర్టుపురం ఏర్పడింది. నిర్వహణ సైన్యానిది, పేరు మద్రాసు ప్రభుత్వ కార్యనిర్వాహక సభ్యుడు హెరాల్డ్ స్టూవర్టుది. లండన్ బసలోని మనిషి ఇష్టం లేకుంటే లేచి పోగలడు. స్టూవర్టుపురంలో వారు నేరస్థ తెగల చట్టం క్రింద ఉన్నవారు. అనుమతి లేనిదే ఊరు దాటరాదు. సేద్యపు భూమి చాలక చాలామంది చీరాల పొగాకు కర్మాగారంలో కూలికి పోయారు. భూమి, చదువు అందించిన సంస్థే కాపలాదారు కూడా కావడం వలన ఈ అధ్యాయంపై చరిత్రకారులు తీవ్రమైన విమర్శ చేశారు. ఆ కేంద్ర చట్టం 1952లో రద్దయింది.

చివరి రోజులు

ఒకప్పుడు రాళ్ళు తిన్న బూత్‌ను 1904లో రాజు ఏడవ ఎడ్వర్డ్ బకింగ్‌హామ్ రాజప్రాసాదానికి ఆహ్వానించాడు. 1905లో లండన్ నగర పౌరసత్వ గౌరవం, 1907లో ఆక్స్‌ఫర్డ్ గౌరవ డాక్టరేటు లభించాయి. డెబ్బై అయిదేళ్ళ వయసులో మోటారు కారులో దేశమంతా పర్యటిస్తూ ఊరూరా ప్రసంగించాడు. 1912లో కంటికి శస్త్రచికిత్స విఫలమై చూపు పూర్తిగా పోయింది. ఆగష్టు 20న హ్యాడ్లీ వుడ్‌లోని స్వగృహంలో మరణించాడు. భౌతికకాయాన్ని క్లాప్టన్‌లోని సైన్యం సభామందిరంలో ఉంచగా లక్షమందికి పైగా దర్శించారు. ఒలింపియా మందిరంలో జరిగిన సంస్మరణ సభకు వచ్చినవారిలో మేరీ రాణి కూడా, ఎవరికీ తెలియకుండా, వెనుక వరుసలో కూర్చున్నదని చెబుతారు. ఆబ్నీ పార్కు శ్మశానంలో కేథరిన్ సమాధి ప్రక్కనే ఆయనను ఖననం చేశారు. బ్రామ్‌వెల్ రెండవ జనరల్ అయినాడు.