ఆరు వారాల చీకటి
పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ గారి జీవితం

ప్రతి ఏటా జనవరి 24న తల్లి శ్రీసభ పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ గారి పండుగను కొనియాడుతుంది. ఆయన శాంతమూర్తి అనీ, మృదుభాషి అనీ, పత్రికా రచయితల పాలక పునీతుడు అనీ మనం ఎరుగుదుం. కాని ఈ శాంతమూర్తి పంతొమ్మిదేళ్ళ ప్రాయంలో భయంతో కుంగిపోయి, తిండీ నిద్రా లేక మంచం పట్టే స్థితికి వచ్చాడన్న సంగతి చాలామందికి తెలియదు.

ఫ్రాన్సిస్ 1567 ఆగస్టు 21న సవోయ్ రాజ్యంలోని సేల్స్ కోటలో జన్మించాడు. ఆల్ప్స్ పర్వతాల నడుమ ఉన్న ఆ ప్రాంతం ఇప్పుడు ఫ్రాన్సు దేశంలో భాగం. కలవారి ఇంట పెద్ద కొడుకు. న్యాయశాస్త్రం చదివి రాజ్యంలో పెద్ద ఉద్యోగం చేయాలన్నది తండ్రి కోరిక. అందుకే కొడుకును చదువు కోసం పారిస్ నగరానికి పంపాడు. అక్కడ జేసుసభ గురువుల కళాశాలలో ఫ్రాన్సిస్ శ్రద్ధగా చదివాడు, భక్తిగా జీవించాడు.

ఆ రోజుల్లో పారిస్ పండితుల నడుమ ఒక వాదం జోరుగా సాగుతుండేది. ఎవరు రక్షణ పొందుతారో, ఎవరు నశిస్తారో దేవుడు ముందే నిర్ణయించాడా అన్నది ఆ వాదం. ఫ్రాన్సిస్ కూడా ఆ పాఠాలు విన్నాడు. 1586 చివరలో ఆ ప్రశ్న ఆయన గుండెల్లో ముల్లులా దిగింది. నశించేవారి జాబితాలో తన పేరు ఉంటే? తాను ఎంత ప్రార్థించినా, ఎంత పవిత్రంగా బ్రతికినా ఫలితం లేకపోతే? నిత్యం దేవునికి దూరంగా ఉండవలసి వస్తే? ఈ ఆలోచన పగలూ రాత్రీ ఆయనను వదలలేదు. ముద్ద మింగుడు పడలేదు. కంటికి కునుకు లేదు. శరీరం పాలిపోయింది. ఆరు వారాల పాటు ఆ యువకుడు ఈ నరకయాతన అనుభవించాడు.

ఆయన చదువు ఆయనను కాపాడలేకపోయింది. ఎంత వాదించుకున్నా ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు. చివరికి ఫ్రాన్సిస్ దేవుని ముందు ఒక నిర్ణయానికి వచ్చాడు. రాబోయే లోకంలో తన గతి ఏమైనా కానీ, ఈ లోకంలో ఉన్నన్ని రోజులూ ఆయనను ప్రేమించే భాగ్యం ఒక్కటి ఉంటే చాలునని వేడుకున్నాడు. తన రేపటిని తాను లెక్కగట్టడం మాని దేవుని చేతిలో పెట్టాడు.

1587 జనవరిలో ఒకరోజు ఆయన పునీత స్తెఫాను గారి పేరిట ఉన్న ఒక గుడిలోకి వెళ్ళాడు. అక్కడ నల్లరాతి మరియమాత స్వరూపం ఉంది. విడుదల దయచేసే మాతగా జనం ఆమెను కొలిచేవారు. ఆ స్వరూపం ముందు మోకరిల్లి, అక్కడ పలకపై వ్రాసి ఉన్న మరియమాత ప్రార్థన చదివాడు. లేచేసరికి ఆ భయం ఆయన ఒంటిమీద నుండి పొలుసులా రాలిపోయింది. ఆ గుడి ఫ్రెంచి విప్లవ కాలంలో నేలమట్టమైంది గాని, ఆ స్వరూపం నేటికీ పారిస్ పక్కనున్న నోయీ పట్టణంలో ఒక కన్యమఠంలో భద్రంగా ఉంది.

ప్రియ పాఠకులారా, ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఫ్రాన్సిస్ గారికి దేవదూత కనబడలేదు. మోక్షం ఖాయమని ఎవరూ హామీ ఇవ్వలేదు. ఆయన అడిగిన ప్రశ్న ప్రశ్నగానే ఉండిపోయింది. మారింది ఆయన హృదయం. జవాబును పట్టుకోవాలన్న ఆరాటం విడిచి, జవాబు తెలిసిన తండ్రిని పట్టుకున్నాడు.

ఆ నమ్మకానికి త్వరలోనే పరీక్షలు ఎదురయ్యాయి. పాదువా నగరంలో న్యాయశాస్త్ర పట్టా పొంది ఇంటికి వచ్చేసరికి తండ్రి పెళ్ళి సంబంధం చూసి ఉంచాడు. తండ్రిని నొప్పించక, తన పిలుపును విడువక, ఓపికతో ఒప్పించి 1593 డిసెంబరులో గురుపట్టం పొందాడు. మరుసటి ఏడు, కాల్విన్ మతాన్ని స్వీకరించిన షాబ్లే ప్రాంతానికి సువార్త సేవకై బయలుదేరాడు. ప్రాణభయం వల్ల రాత్రులు అల్లాంజ్ కోటలో తలదాచుకుని, పగలు తోనోన్ పట్టణానికి నడిచి వెళ్ళేవాడు. మొదట్లో ఆయన ప్రసంగం వినడానికి వచ్చేవారు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే. చలి, నింద, హత్యాప్రయత్నాలు ఎదురయ్యాయి. జనం గుడికి రాకపోతే ఆయన విశ్వాస సత్యాలను కాగితాలపై వ్రాసి ఇళ్ళ తలుపుల కింద నుండి లోపలికి పంపాడు. నాలుగేళ్ళలో ఆ ప్రాంతంలో అత్యధికులు తిరిగి కతోలిక విశ్వాసానికి వచ్చారు. ఆ కాగితాలే ఆయనను పత్రికల వారికి పాలకుణ్ణి చేశాయి. 1923లో పదకొండవ భక్తినాథ పోపుగారు ఆ గౌరవాన్ని ప్రకటించారు.

1602లో ఆయన జెనీవా పీఠాధిపతి అయ్యారు. జెనీవాలో అడుగు పెట్టే వీలులేక అన్నెసీ పట్టణం నుండే తన మందను కాచారు. 1604లో జేన్ ఫ్రాన్సిస్ డి షాంతాల్ అనే వితంతువు ఆయనను కలిసింది. భర్త వేటలో పొరపాటున తూటా తగిలి మరణించాడు. నలుగురు బిడ్డలతో, మనసు నిండా సందేహాలతో ఆమె నలిగిపోతూ ఉంది. సందేహాలతో వాదనకు దిగవద్దనీ, ఆనాటి పని ఆనాడు ప్రేమతో చేస్తూ దేవుని చేయి పట్టుకోమనీ ఆయన ఆమెకు నేర్పారు. పారిస్‌లో తాను కన్నీళ్ళతో నేర్చుకున్న పాఠమే అది. 1610లో వారిద్దరూ కలిసి మరియమాత సందర్శన సభను స్థాపించారు. ఆమె కూడా పునీతురాలైంది.

ఫ్రాన్సిస్ గారు 1622 డిసెంబరు 28న లియోన్ నగరంలో కన్నుమూశారు. 1665లో పునీతపట్టం లభించింది. ఆయన పేరున 1838లో అన్నెసీలో వెలసిన సభ గురువులు 1846లో సముద్రం దాటి మన విశాఖపట్నం చేరారు. ఉత్తరాంధ్రలో ఎన్నో విచారణలు వారి చెమటతో మొలిచినవే. ఆ విధంగా ఆయన మన ఇంటి పునీతుడు కూడా.

మన ఇళ్ళలోనూ భయాలు ఉన్నాయి. పరీక్ష తప్పిన బిడ్డ ఏమి చేసుకుంటాడోనని, గల్ఫ్ వెళ్ళిన భర్త నుండి ఫోను ఎందుకు రాలేదోనని, డాక్టరు రిపోర్టులో ఏముందోనని రాత్రంతా మేలుకునే తల్లిదండ్రులు ఎందరో. కొన్ని ప్రశ్నలకు ఈ రాత్రి జవాబు దొరకదు. ఫ్రాన్సిస్ గారు చేసినట్టే ఆ ప్రశ్నను దేవుని పాదాల వద్ద పెట్టి, ఇంటిల్లిపాదీ కూర్చుని జపమాల చెప్పుకుని, రేపు ఉదయం చేయవలసిన పనికి సిద్ధపడదాం. భయం వెంటనే పోకపోవచ్చు. ఆయనకు కూడా ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాలూ ఆయన ప్రార్థన మానలేదు.

పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ గారా, మా కొరకు వేడుకొనండి.