రాఘవాపురము పగోలు వెంకయ్యగారు

ధ్యాన భాగములు: రోమా 1:16, లూకా 19:1–10, ఎఫెసీ 4:28

సువార్త దేవుని శక్తి అనియు, అది నమ్ము ప్రతివానిని రక్షించుననియు అపొస్తలుడైన పౌలు రోమా సంఘమునకు వ్రాసెను. ఆ మాట ఎంత నిజమో తెలిసికొనుటకు మనము దూరదేశముల చరిత్ర వెదకనక్కరలేదు. మన కృష్ణా గోదావరి ప్రాంతమందలి పగోలు వెంకయ్యగారి జీవితమే దానికి చాలినంత సాక్ష్యము.

వెంకయ్యగారు 1811 ప్రాంతమున రాఘవాపురములో ఒక మాల కుటుంబమున జన్మించిరి. ఆ దినములలో ఆ పల్లెవారికి ఊరిబావి నీరు లేదు, గుడిలో ప్రవేశము లేదు, బడిలో చోటు లేదు. యౌవనమున వెంకయ్యగారు దారి తప్పి, దోపిడీలు చేయు ఒక ముఠాకు నాయకుడైరి. మనుష్యులు ఆయనను చూచి భయపడిరే గాని, ఆయనలో ఒక ఆత్మ ఆకలిగొని యున్నదని ఎవరును ఎరుగరు.

నడివయస్సున ఆయన మనస్సు కలత చెందెను. చెక్కిన రాయి దేవుడు కాదని గ్రహించి, విగ్రహములకు మ్రొక్కుట మానివేసెను. అయితే నిజమైన దేవుడెవరో ఆయనకు చెప్పువారు లేరు. అందుచేత, తానెరుగని ఆ దేవునికే ఆయన ప్రార్థించుచు వచ్చెను. తన్ను తాను కనుపరచుకొనుమని ఆ దేవుని వేడుకొనెను.

ఇంతలో దేవుడు మరియొక వైపున పని జరిగించుచుండెను. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ దొరలు బందరు చేరిరి. నోబుల్ దొర 1843లో అక్కడ పెద్ద కులములవారి పిల్లలకు పాఠశాల తెరచెను. ముందు వారు నమ్మినయెడల సువార్త వారినుండి క్రిందివారికి దిగివచ్చునని అనేకులు తలంచిరి. 1854లో ఏలూరులోను, ఆ తరువాత బెజవాడలోను మిషను పని ఆరంభమాయెను. బెజవాడలో డార్లింగ్ దొర యుండెను. ఆయన ఏండ్ల తరబడి బోధించినను ఫలము బహు కొంచెము.

1859లో కృష్ణానదిలో పుణ్యస్నానముల ఉత్సవమునకు వెంకయ్యగారు బెజవాడ వచ్చిరి. అక్కడ విచారించి డార్లింగ్ దొర యొద్దకు వెళ్లి, యేసుక్రీస్తును గూర్చి వినిరి. తాను ఇన్నాళ్లు వెదకిన దేవుడు ఈయనే యని గుర్తుపట్టిరి. ఆ సంవత్సరమే బాప్తిస్మము పొందిరి. జక్కయ్య యేసును చూడగోరి చెట్టెక్కెను. అయితే యేసే జక్కయ్యను వెదకుచు వచ్చియుండెను. వెంకయ్యగారి విషయములోను అట్లే జరిగెను.

ప్రియులారా, ఇక్కడ మనము నిలిచి ఆలోచింపవలెను. మనుష్యులు పైనుండి క్రిందికి కాలువ త్రవ్వుచుండగా, దేవుడు పల్లెలోనే ఊట పుట్టించెను. దొంగిలువాడు ఇక దొంగిలక, అక్కరగలవానికి పంచిపెట్టవలెనని ఎఫెసీ పత్రిక బోధించుచున్నది. వెంకయ్యగారు అట్లే చేసిరి. జీతము తీసికొనక ఊరూరు తిరిగి తన వారికి సువార్త చెప్పిరి. ఒకప్పుడు ఆయన పేరు విని తలుపులు వేసికొన్నవారు ఇప్పుడు తలుపులు తీసిరి. 1891లో ఆయన ప్రభువునందు నిద్రించు నాటికి ఈ ప్రాంతపు మాలపల్లెలలో వేలాదిమంది క్రీస్తును అంగీకరించి యుండిరి. ఒంగోలు ప్రాంతములోను ఇట్టి కార్యమే జరిగెను. అక్కడ 1866లో మాదిగ సోదరుడగు యెర్రగుంట్ల పేరయ్యగారు బాప్తిస్మము పొంది, తనవారిలో సువార్తకు ద్వారము తెరచిరి.

నేడు ఏలూరు మొదలు తాడేపల్లిగూడెము వరకు, కొల్లేటి లంకలలోను గుడిగంట మ్రోగుచున్నదనిన, ఇట్టివారి ప్రయాసను మనము మరువరాదు. అయితే మనము వారివలె నున్నామా? పాస్టరుగారు ఊరిలో లేని ఆదివారము మన గుడి తలుపు మూసియుండుట లేదా? ఒకే బల్లయొద్ద ప్రభురాత్రి భోజనము పుచ్చుకొని, బయటికి వచ్చిన వెంటనే వేరు పేటలవారమని తొలగిపోవుట లేదా? ఊరివారు మనలను దూరముగా నుంచినందుకు నొచ్చుకొన్న మనము, మరియొకరిని దూరముగా నుంచుట తగునా?

కొల్లేరును చూడుడి. బుడమేరు, తమ్మిలేరు దానిలోనికి నీరు తెచ్చును. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రమునకు కొనిపోవును. ఉప్పుటేరు పూడుకొనిపోయిన యెడల వచ్చిన నీరే లంకలను ముంచును. మనము పొందిన సువార్తయు అట్టిదే. అది మన గుమ్మము దాటి పోవలసినదే గాని నిలువయుంచుకొనవలసినది కాదు.

కాబట్టి ఈ నెలలో మన ప్రతి సంఘములోను కనీసము ఒక కుటుంబము, ఎవరును గడప త్రొక్కని ఇంటికి వెళ్లి, కూర్చుండి, క్రీస్తు ప్రేమను గూర్చి మాటలాడవలెనని మేము కోరుచున్నాము. వెంకయ్యగారు చదువుకొన్న పండితుడు కాడు, ధనవంతుడు కాడు. తన్ను రక్షించిన ప్రభువును ఆయన ఎరిగియుండెను, దానినే చెప్పెను. మనకును ఆ ప్రభువే యున్నాడు. ఆయనకే మహిమ కలుగును గాక. ఆమేన్.